మూడు ఇంజెక్షన్ల తర్వాత కూడా చూపు పెరగకపోతే చికిత్స ఆపేయవచ్చా?

మీ ప్రశ్నలో మూడు వేర్వేరు జబ్బులు కలిసిపోయాయి కాబట్టి ముందుగా దాన్ని క్లుప్తంగా చెప్పుకుంటాను. 68 ఏళ్ల మీ అమ్మగారికి ఎడమ కంట్లో మాక్యులా (కంటి వెనుక పొర అయిన రెటీనాలో నడిమి భాగం) కింద నీరు చేరిందని, వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో ఇది తడి రకమని చెప్పి, నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేశారు. అక్షరాల చార్టు మీద ఒక్క వరుస మాత్రమే పెరిగింది. ఇంకా వేయాలని డాక్టరు అంటున్నారు. మీ పెదనాన్నగారికి రెటీనా జబ్బు ఒక్క ఆపరేషన్‌తో తగ్గిందని, మీ మేనత్తగారికి షుగరు వల్ల కంట్లో రక్తం కారితే లేజరుతో సరిపోయిందని, అలాంటప్పుడు అమ్మకు మాత్రం ఈ ఇంజెక్షన్లు ఎందుకని, ఇక ఆపేస్తే ఏమవుతుందని అడిగారు.

ముందు జవాబు చెబుతాను: మీ అంతట మీరు ఆపకండి. రెండు దశాబ్దాలకు పైగా నేను రెటీనా రోగులనే చూస్తున్నాను. ఈ జబ్బు ముదిరిపోయి వచ్చినవారిని చూసి ఎంత బాధపడ్డానో, చికిత్స అందుతూ ఉండి కూడా “ఎలాగూ పెరగడం లేదు కదా” అని మధ్యలో మానేసి, ఆరు నెలల తర్వాత మచ్చ కట్టిన కంటితో తిరిగి వచ్చినవారిని చూసి అంతకంటే ఎక్కువ బాధపడ్డాను.

ఇంజెక్షన్ ఎందుకో అర్థం కావాలంటే కంటి వెనుక గోడను ఒకసారి ఊహించుకోవాలి. రెటీనా అర మిల్లీమీటరు మందం కూడా లేని పొర. అందులో చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చే నడిమి భాగం మాక్యులా; దాని వెడల్పు సుమారు 5.5 మిల్లీమీటర్లు. రెటీనా లోపలి వరుసలకు దాని సొంత రక్తనాళాలే రక్తం అందిస్తాయి. వెలుతురును పట్టుకునే కణాలు మాత్రం బయటి వరుసలో, కంటి గోడ వైపు ఉంటాయి. వాటికి ఆక్సిజన్ కోరాయిడ్ నుంచి వస్తుంది. కోరాయిడ్ అంటే రెటీనాకు వెనుక దట్టంగా అల్లుకున్న రక్తనాళాల పొర. ఆ రెండింటికీ నడుమ ఒకే ఒక్క వరుస వర్ణక కణాలు, వాటి అడుగున బ్రూక్ పొర అనే సన్నటి తెర ఉంటాయి. వయసు మీద పడ్డాక కొందరిలో ఈ తెర మీద డ్రూసెన్ అనే పసుపు రంగు మడ్డి పేరుకుంటుంది, తెర బలహీనపడుతుంది. అలా బలహీనపడిన చోట కోరాయిడ్ నుంచి పుట్టిన కొత్త నాళాలు తెరను చీల్చుకుని రెటీనా కిందికి వస్తాయి. వాటి గోడలు కచ్చాగా ఉంటాయి కనుక నీరూ రక్తమూ కారుతూనే ఉంటాయి. మీ అమ్మగారి స్కాన్‌లో నల్లగా కనిపించిన ఖాళీ ఆ నీరే.

ఈ నాళాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీనును వీఈజీఎఫ్ అంటారు. కంట్లో వేసే మందు ఆ ప్రోటీనును పట్టి కట్టడి చేస్తుంది. దానితో కారడం తగ్గుతుంది, చేరిన నీటిని కన్ను తనంతట తాను పీల్చుకుంటుంది. అయితే నాళం అక్కడే ఉంటుంది, అది పుట్టడానికి కారణమైన పరిస్థితీ అక్కడే ఉంటుంది. మందు ప్రభావం కొన్ని వారాల్లో తగ్గిపోగానే కారడం మళ్లీ మొదలవుతుంది. ఒకటి రెండు ఇంజెక్షన్లతో ఈ జబ్బు ముగియకపోవడానికి కారణం ఇదే. రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఈ మందులు రాకముందు మా చేతుల్లో ఏముండేదో చెబితే మీకు ఒక అంచనా వస్తుంది. వేడి లేజరుతో ఆ నాళాలను కాల్చేవాళ్లు. నాళంతో పాటు దాని మీదున్న రెటీనా కూడా కాలిపోయేది, మాక్యులా నడిమధ్యన కాలిస్తే ఆ క్షణం నుంచే అక్కడ నల్లమచ్చ మిగిలేది. 2000లో వెర్టిపోర్ఫిన్ అనే మందును చేతి నరంలోకి ఎక్కించి, వేడి పుట్టించని లేజరుతో కంట్లో దాన్ని మేల్కొలిపే పద్ధతి వచ్చింది. అది చూపు పడిపోవడాన్ని నెమ్మదింపజేసిందే తప్ప నిలబెట్టలేకపోయింది. 2006లో ప్రచురితమైన మరీనా అనే పరీక్షలో, ఈ ఇంజెక్షన్ మందుల్లో ఒకటైన రానిబిజుమాబ్‌ను నెలనెలా వేయించుకున్నవారిలో సుమారు 95 శాతం మంది ఏడాది చివర 15 అక్షరాల లోపే పోగొట్టుకున్నారు లేదా అసలు పోగొట్టుకోలేదు. ఉత్తుత్తి ఇంజెక్షన్ చేసినవారిలో ఆ సంఖ్య 62 శాతం. 15 అక్షరాలు, అంటే చార్టు మీద మూడు వరుసలు, లేదా అంతకంటే ఎక్కువ చూపు పెరిగినవారు పూర్తి మోతాదు తీసుకున్నవారిలో మూడింట ఒక వంతు.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడు వరుసల చూపు పెరగడం ముగ్గురిలో ఒకరికే దక్కింది, ఉన్న చూపు నిలవడం మాత్రం దాదాపు అందరికీ దక్కింది. కాబట్టి మీ అమ్మగారికి ఒక్క వరుసే పెరిగిందన్నది వైఫల్యానికి గుర్తు కాదు. నీటి వల్ల మందగించిన కణాలు నీరు పోయాక కోలుకుంటాయి. చికిత్స మొదలయ్యేలోపే చనిపోయిన కణాలను ఏ మందూ బతికించదు. ఆ మూడు ఇంజెక్షన్లు పడకపోయి ఉంటే ఈపాటికి ఆ కంటికి ఎన్ని వరుసలు మిగిలేవో మీకు కనిపించదు, అందుకే అవి చేసిన మేలు కూడా కనిపించడం లేదు.

ఇంటి దగ్గర చూపు ఎలా ఉందన్న దానితో పాటు ఓసీటీ స్కాన్ ఏం చెబుతోందన్నది మీరు తప్పక అడగాలి. 1991లో తొలిసారి వెలుగులోకి వచ్చిన ఈ స్కాన్, రెటీనాను కోసి చూసినంత స్పష్టంగా, మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్న తేడాలను కూడా చూపిస్తుంది. మొదటి స్కాన్‌నూ మూడో ఇంజెక్షన్ తర్వాతి స్కాన్‌నూ తెరమీద పక్కపక్కన పెట్టి చూపించమనండి. నీరు పూర్తిగా పోయి ఉంటే చికిత్స పనిచేస్తోందన్నమాట. అప్పుడు చాలామంది డాక్టర్లు విరామాన్ని రెండేసి వారాల చొప్పున పెంచుకుంటూ వెళ్తారు. నాలుగు వారాలు ఆరు, ఆరు ఎనిమిది, కంటిని బట్టి పన్నెండు, పదహారు వారాల వరకూ. ఎక్కడ నీరు మళ్లీ కనిపిస్తే అక్కడ ఒక మెట్టు వెనక్కి వస్తారు. నెలనెలా వెళ్లలేమన్నదే మీ ఇబ్బంది అయితే ఆ మాట దాచకుండా చెప్పండి, మానేయడం కంటే ఈ పద్ధతి ఎన్నో రెట్లు మంచిది.

నీరు ఇంకా మిగిలే ఉంటే ఆలోచించవలసినవి కొన్ని ఉన్నాయి. మందు మార్చవచ్చు: 2011లో వచ్చిన అఫ్లిబెర్సెప్ట్, 2022లో వచ్చిన ఫారిసిమాబ్ కొన్ని కళ్లలో ఎక్కువ కాలం పనిచేస్తాయి. 2019లో వచ్చిన బ్రోలుసిజుమాబ్ నీటిని బాగానే ఆరబెడుతుంది కానీ, కొందరిలో రెటీనా రక్తనాళాల వాపు వచ్చి చూపు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి కనుక నేను దాన్ని ముందువరసలో పెట్టను. ఖరీదు భారమైతే బెవాసిజుమాబ్ గురించి అడగడానికి సంకోచించకండి. అది క్యాన్సర్ కోసం తయారైన మందు, చాలా దేశాల్లో కంటికి ప్రత్యేకంగా ఆమోదం పొందలేదు, అయినా 2011లో వెలువడిన క్యాట్ పరీక్షలో ఒకే విరామంతో వేసినప్పుడు చూపు విషయంలో రానిబిజుమాబ్‌కు సమానంగా నిలిచింది. పెద్ద సీసా నుంచి చిన్న మోతాదులుగా విభజించేచోట శుభ్రత పాటించారా లేదా అన్నదొక్కటే దానితో ఉన్న అసలు జాగ్రత్త.

మందు మార్చేముందు రోగనిర్ధారణను మరోసారి సరిచూడటం నాకు అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. తడి మాక్యులా జబ్బులా కనిపించేవన్నీ అదే కావు. కోరాయిడ్ నాళాల చివర ద్రాక్షగుత్తుల్లాంటి బుడగలు ఏర్పడే పాలిపాయిడల్ వ్యాస్కులోపతి అనే రకం ఆసియా ప్రజల్లో ఎక్కువ. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు ఎక్కించి తీసే ఫొటోల్లోనే అది స్పష్టంగా బయటపడుతుంది. దానికి ఇంజెక్షన్‌తో పాటు నేను పైన చెప్పిన వెర్టిపోర్ఫిన్ చికిత్స కూడా కలిపితే ఆ బుడగలు మూసుకుపోయే అవకాశం పెరుగుతుంది. సెంట్రల్ సీరస్ అనే మరో జబ్బులో కోరాయిడ్ ఉబ్బి, కొత్త నాళాలేవీ లేకుండానే రెటీనా కిందికి నీరు ఊరుతుంది. ఎక్కువగా నడివయసువారిలో వస్తుంది, స్టెరాయిడ్ వాడకంతో దానికి గట్టి సంబంధం ఉంది. కీళ్ల నొప్పులకని, ఉబ్బసానికని, చర్మానికని ఏ రూపంలో వాడినా సరే, ముక్కులో కొట్టుకునే స్ప్రే అయినా సరే, మీ అమ్మగారు స్టెరాయిడ్ వాడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఆ జబ్బు చాలామందిలో మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గనివారికి సగం మోతాదు వెర్టిపోర్ఫిన్ చికిత్స బాగా పనిచేస్తుంది.

ఇక ఆపడం ఎప్పుడు సబబంటే, మాక్యులా నడుమ గట్టి మచ్చ కట్టి, కారడమూ ఆగి, ఇంజెక్షన్ వేసినా వేయకపోయినా తేడా ఉండదని వరుస స్కాన్లు చూపించినప్పుడు. ఆ నిర్ణయం డాక్టరు మీతో కూర్చుని తీసుకోవాలి. చికిత్స మొదలైన మూడో నెలలో ఆ మాట అనవలసిన పరిస్థితి అరుదు.

మీ ఉత్తరంలో నేరుగా అనకపోయినా, కంట్లో సూది అన్న భయం కూడా ఒక కారణమేమో అనిపించింది. అది సహజమైన భయమే. లోపల జరిగేది ఇది: మొద్దుబారే చుక్కలు వేస్తారు. రెప్పల్నీ కంటి పైభాగాన్నీ పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు. తర్వాత సాయంత్రం వరకూ ఇసుక పడ్డట్టు గరగరలాడేది ఎక్కువగా ఆ ద్రావణం వల్లే. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి తెల్లగుడ్డు మీద 3.5 లేదా 4 మిల్లీమీటర్ల దూరం కొలిచి గుర్తు పెడతారు, ఎందుకంటే అక్కడ కింద రెటీనా ఉండదు, కటకం కూడా తగలదు. లోపలికి వెళ్లే మందు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక్క నీటి చుక్కంత. సూది లోపల ఉండేది రెండు మూడు సెకన్లే. ఒకటి రెండు రోజులు నల్లని చిన్న బుడగలు తేలుతున్నట్టు కనిపించవచ్చు, తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక పడవచ్చు. వీటికి కంగారు పడనక్కర్లేదు. ప్రమాదకరమైనవాటిలో ముఖ్యమైనది లోపల ఇన్ఫెక్షన్ రావడం. అది కొన్ని వేల ఇంజెక్షన్లలో ఒకదానికి మాత్రమే వస్తుంది, కానీ వస్తే గంటల లెక్కన చూపును తినేస్తుంది. మొదటి వారంలో నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారుతున్నా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

మీ పెదనాన్నగారి విషయానికి వస్తే, మీరు చెప్పినదాన్ని బట్టి ఆయనకు జరిగింది రెటీనా ఊడిపోవడం. కంటి లోపల నిండి ఉండే విట్రియస్ అనే జెల్లీ వయసుతో కుంచించుకుని రెటీనాను లాగినప్పుడు ఎక్కడో ఒకచోట చిరుగు పడుతుంది. ఆ చిరుగులోంచి ద్రవం దూరి, గోడకు తడి పట్టి సున్నం పెచ్చు లేచినట్టు రెటీనా లేచిపోతుంది. 1920ల దాకా ఇది వచ్చిన కన్ను పోయినట్టే లెక్క. స్విట్జర్లాండులోని లొసాన్‌లో జూల్ గోనాన్ అనే వైద్యుడు, ఊడిపోవడానికి మూలం ఆ చిరుగేనని, దాన్ని మూసేస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుందని చూపించాడు. ఈనాటికీ సూత్రం అదే, పనిముట్లు మాత్రం మారాయి: బయటి నుంచి సిలికోన్ పట్టీతో నొక్కడం, లేదా 1970ల తొలినాళ్లలో రాబర్ట్ మాకెమర్ రూపొందించిన విట్రెక్టమీ పద్ధతిలో లోపలి జెల్లీని తీసేసి గ్యాసు గానీ సిలికోన్ నూనె గానీ నింపడం. అది చిరుగు సమస్య, కుట్టు పడితే ముగిసే సమస్య. మీ అమ్మగారిది ఊటలాంటి సమస్య. పేరులో రెటీనా అన్న మాట ఒక్కటే తప్ప ఆ రెండు జబ్బులకూ పోలిక లేదు, అందుకే ఆమెకు ఆపరేషన్ చెప్పలేదు.

దీన్ని ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం ఉంది. ఊడిపోయే ముందు కన్ను సాధారణంగా హెచ్చరిస్తుంది. ఉన్నట్టుండి మసిరేణువుల్లాంటి చుక్కలు కుప్పగా కనిపించడం, చీకట్లో కూడా కంటి పక్కన మెరుపులు మెరవడం, ఒక మూల నుంచి నల్లటి తెర దిగుతున్నట్టుండటం దాని గుర్తులు. మాక్యులా ఊడకముందే ఆపరేషన్ జరిగితే చదివే చూపు చాలావరకు నిలుస్తుంది. మాక్యులా కూడా లేచిపోయాక రెటీనాను అతికించగలిగినా ఆ చూపు మునుపటిలా రావడం కష్టం. చిరుగు దశలోనే దొరికితే దాని చుట్టూ లేజరు వేసి పంపేస్తాం, ఆపరేషనే అక్కర్లేదు. గ్యాసు నింపినవారు అది పూర్తిగా కరిగేవరకూ విమానం ఎక్కకూడదు, ఎత్తయిన కొండప్రాంతాలకు వెళ్లకూడదు. గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గ్యాసు వ్యాకోచించి కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. వాడిన గ్యాసును బట్టి ఇది రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది.

మీ మేనత్తగారి లేజరు మరో కథ. షుగరు వల్ల రెటీనా లోపలి సన్న నాళాలు మూసుకుపోతే ఆకలిగొన్న ఆ భాగం వీఈజీఎఫ్‌ను విడుదల చేస్తుంది, దానితో కొత్త నాళాలు మొలిచి పగిలి రక్తం కారుతుంది. లేజరు మాక్యులాను వదిలేసి చుట్టూ ఉన్న రెటీనాలో వెయ్యికి పైగా చిన్న చుక్కలు కాలుస్తుంది. ఆక్సిజన్ అవసరం తగ్గి, కొత్త నాళాలు ఎండిపోతాయి. తీవ్రంగా చూపు పోయే ప్రమాదం దీనివల్ల సగానికి పైగా తగ్గుతుందని 1976లోనే రుజువైంది. పక్కచూపు, రాత్రిచూపు కొంత తగ్గడం దానికి చెల్లించే మూల్యం. ఇప్పుడు ఈ జబ్బుకు కూడా ఇంజెక్షన్లు ఉన్నాయి, మాక్యులా వాపు ఉంటే అవే మెరుగు. కానీ క్రమం తప్పకుండా రాగలరన్న నమ్మకం లేని రోగికి నేను ఇప్పటికీ లేజరే వేస్తాను. ఇంజెక్షన్లతో మాత్రమే నడుస్తూ మధ్యలో కనిపించకుండా పోయినవారి కళ్లు, లేజరు వేయించుకుని కనిపించకుండా పోయినవారి కళ్ల కంటే బాగా దెబ్బతింటాయి. ఆమె చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారైనా రెటీనా పరీక్ష చేయించమనండి. లేజరు అయిపోయింది కదా అని చక్కెర, రక్తపోటు వదిలేస్తే అదే జబ్బు మళ్లీ తలెత్తుతుంది.

నొప్పి లేకుండా ఒక కంటి చూపు నిమిషాల్లో పూర్తిగా పోతే మాత్రం అది వేరే అత్యవసరం: రెటీనాకు వెళ్లే ధమని మూసుకుపోవడం. అది కంటికి వచ్చిన పక్షవాతమే. అలాంటప్పుడు కళ్లద్దాల దుకాణానికి కాకుండా, మెదడు పక్షవాతానికి చికిత్స చేసే అత్యవసర విభాగానికి వెంటనే వెళ్లాలి, ఎందుకంటే తర్వాతి రోజుల్లో మెదడుకు వచ్చే ముప్పు కూడా ఎక్కువే.

మీ అమ్మగారి కుడి కన్ను గురించి మీరు ఏమీ రాయలేదు, నాకు ఎక్కువ ఆదుర్దా అక్కడే. ఒక కంట్లో తడి రకం వచ్చినవారికి రెండో కంట్లోనూ వచ్చే అవకాశం గణనీయంగా ఉంటుంది. నేను చూసిన ఒక పెద్దావిడ తన రెండో కంటి జబ్బును తానే పట్టుకున్నారు: రోజూ పొద్దున కుర్చీలో కూర్చుని, జబ్బు కన్ను అరచేత్తో మూసి, ఎదురుగా ఉన్న తలుపు చట్రాన్ని చూసేవారు. ఒకరోజు ఆ నిలువు గీత మధ్యలో నడుము వంగినట్టు కనిపించింది. మర్నాడే వచ్చారు. స్కాన్‌లో నీరు జుట్టుపోగంత సన్నని గీతలా ఉంది, అక్షరాల చార్టు మీద చివరి వరుస కూడా చదవగలుగుతున్నారు. ఆ కంటితో ఆవిడ ఇప్పటికీ పేపరు చదువుతారు. మీ అమ్మగారి చేత కూడా అలా, లేదా డాక్టరు ఇచ్చే గళ్ల కాగితంతో, కళ్లద్దాలు పెట్టించి ఒక్కో కన్ను మూసి రోజూ చూపించండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాని లోపాన్ని కప్పేస్తుంది.

విటమిన్ల గురించి కూడా అడిగారు. విటమిన్ సి, ఇ, జింకు, రాగి, ల్యూటిన్, జియాజాంథిన్ ఉన్న మాత్రలు ఆమెకు తగినవే, ఎందుకంటే ఒక కంట్లో జబ్బు ముదిరినవారికి రెండో కన్ను ముదిరే ముప్పును అయిదేళ్లలో సుమారు నాలుగో వంతు తగ్గించినట్టు 2001లో ఇలాంటి మిశ్రమం మీదే తేలింది. అవి నివారణకు పనికొస్తాయి తప్ప ఇంజెక్షన్‌కు బదులు కావు. బీటా కెరోటిన్ ఉన్న పాత మిశ్రమం పొగతాగేవారికి, ఇదివరకు తాగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది కనుక సీసా మీద పేర్లు చదివి కొనండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే మానడం ఏ మాత్ర కంటే మేలు.

నాలుగో ఇంజెక్షన్ తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. మూడోది వేసి నాలుగు వారాలు దాటిపోయి ఉంటే ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత స్కాన్ల కాగితాలన్నీ, ఆమె వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. గత మూడు నెలల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే ఇంజెక్షన్‌కు ముందే ఆ సంగతి చెప్పండి. నీరు ఎంత తగ్గింది, అది రెటీనా లోపల ఉందా కింద ఉందా, మచ్చ మొదలైందా, కుడి కన్ను స్కాన్ తీశారా, తర్వాతి విరామం ఎన్ని వారాలు అన్న అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని జవాబులు అక్కడే నోట్ చేసుకోండి.